ఆరుగురు జర్మన్లు, ఒకే న్యూమరాలజిస్టు

ఫిల్మ్ నగర్‌లో ఒక పూట షూటింగ్ మొత్తాన్ని నేనొక్కదాన్నే ఆపాను. హీరో అలిగితే ఆగుతుంది, వాన పడితే ఆగుతుంది. ఆఫీసు పిల్ల మొహమాటపడితే ఆగడం మాత్రం మా సంస్థలో అదే మొదలు. ఇన్నాళ్లూ డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు, అది నవ్వదు కాబట్టి. మీరు నవ్వండి, ఫరవాలేదు.

అప్పుడే ఒక నిర్మాణ సంస్థలో చేరాను. మూడు నెలలు చూసి, ఉంచేదీ పంపేదీ చెబుతామన్నారు. యూనిట్ వాళ్ల పేర్లు డేటాబేసులో ఎక్కించడం నా పని. సినిమా టైటిల్స్‌కైనా, స్టూడియో గేటు పాసులకైనా పేర్లు అందులోంచే వెళతాయి. మొదటిరోజే మేనేజరు ప్రసాద్ గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"పేర్లలో అక్షరాలు ఎక్కువున్నా ముట్టుకోకమ్మా. న్యూమరాలజీ చూసి పెట్టుకున్నవి. ఒకటి తీశావంటే, సినిమా పోయింది నీ వల్లే అంటారు."

కార్లు పల్టీలు కొట్టే ఫైటు కోసం జర్మనీ నుంచి ఆరుగురు వస్తున్నారు. వాళ్ల జాబితా ఎక్కిస్తుంటే తెర మీద ఒక పెట్టె తెరుచుకుని, ఏ ఎన్‌కోడింగ్ కావాలని అడిగింది. అదేమిటో నాకు తెలియదు. చుట్టూ చూశాను. అందరూ పనిలో ఉన్నారు. అడిగితే ఏమనుకుంటారోనని అన్నిటికంటే పైన ఉన్నదాన్ని నొక్కేశాను.

పేర్లు వచ్చాయి. ఫైట్ మాస్టరు యూర్గెన్ గారు ఇలా వచ్చారు: JÃ¼rgen. నడుమ నెత్తిన పాము పడుకున్న ఒక A, దాని పక్కన పావు. మీరు సరిగ్గానే చదివారు, పావు. మిగతా అయిదుగురి పేర్లలోనూ అదే A. అందరూ ఒకే న్యూమరాలజిస్టు దగ్గరికి వెళ్లి ఉంటారని తేల్చుకున్నాను. జర్మన్లు ఏ పనైనా లెక్క తప్పకుండా చేస్తారట కదా. మనవాళ్లు అక్షరాలతో సరిపెట్టుకుంటే, వాళ్లు పేరులోకి భిన్నాలు కూడా తెచ్చారు. గౌరవం పెరిగింది. అచ్చు తీసి గేటుకి పంపాను.

షూటింగ్ రోజు గేటు దగ్గర సెక్యూరిటీ యాదగిరన్న ఆరుగురినీ ఆపేశాడు.

"మేడమ్, జర గీడికి రాండ్రి. పాస్‌పోర్టుల ఒక పేరుంది, మీ కాయితంల ఇంకోటుంది. ఎట్ల పంపాలె?"

"అది న్యూమరాలజీ అన్నా."

"గీ పావేంది మల్ల?"

"అదీ న్యూమరాలజీయే."

"ఆరుగురికీనా?"

"ఆరుగురికీ."

"నేనైతే పంప. నా నౌకరి పోతది."

నాదీ పోయేలాగే ఉంది. ప్రసాద్ గారు పరుగున వచ్చారు.

"ఒంటిగంటకి హీరోగారు వెళ్లిపోతారు! కార్లు ఎవరు ఎగరేస్తారమ్మా, నువ్వా?"

"నాకు స్కూటీ కూడా రాదండీ," అన్నాను. అడిగారు కాబట్టి చెప్పాను.

"మూడు నెలలు ఎందుకులే. సాయంత్రమే తేల్చేస్తాను."

ఇంతలో యూర్గెన్ గారు కాగితం తీసుకుని చూశారు. దూరపు చుట్టం కనబడ్డట్టు ముఖం వెలిగింది.

"ఓహో, ఎన్‌కోడింగ్!" అన్నారు ఇంగ్లీషులో. "నా పేరులో u మీద రెండు చుక్కలుంటాయి. కంప్యూటరు దాన్ని రెండు ముక్కలుగా దాచుకుంటుంది. చదివే పద్ధతి తప్పు చెబితే, ఒక్కో ముక్కా ఒక్కో అక్షరమై కూర్చుంటుంది. మా ఊరి లైబ్రరీ కార్డులో కూడా నేను ఇలాగే ఉన్నాను."

ఏది నొక్కాలో కూడా ఆయనే చెప్పారు. ఆఫీసుకు పరుగెత్తి, జాబితా మళ్లీ ఎక్కించి, కొత్త కాగితం తెచ్చాను. యాదగిరన్న చుక్కలన్నీ వేలు పెట్టి లెక్కబెట్టి గేటు తీశాడు.

మిగిలిన సమయం ఒక్క టేకుకే సరిపోయింది. కారు మూడు పల్టీలు కొట్టి, సుద్దగీత మీద బుద్ధిగా వచ్చి ఆగింది. ఓకే!

నిర్మాతగారు సంబరంగా వచ్చి, గేటు దగ్గరి గొడవంతా విని, మొదటి కాగితం తెప్పించుకున్నారు.

"మాస్టరు పేరు టైటిల్స్‌లో ఇలాగే వెయ్యండి. కలిసొచ్చింది."

"అది తప్పండీ..." అన్నాను.

"తప్పేంటమ్మా, సింగిల్ టేకు!"

యూర్గెన్ గారు కూడా ఒప్పేసుకున్నారు. సాయంత్రం ప్రసాద్ గారు అన్నట్టే నా సంగతి తేల్చారు.

"నిన్ను ఉంచేస్తున్నాం. ఆ పావు ఎలా వస్తుందో ఆఫీసులో తెలిసింది నీకొక్కదానికే."

ఇందుమూలంగా ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను: ఇకమీదట కంప్యూటరు నన్నేదైనా అడిగితే, సిగ్గు పక్కన పెట్టి ముందు మనుషుల్ని అడుగుతాను. న్యూమరాలజిస్టుని తప్ప.