మోగని కురిడీ కాయ

దయ్యాలనీ శకునాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మనిచ్చే వృత్తి కాదు నాది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నలభై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ణి. అసలైన మనిషి పుర్రెను అరచేతిలో పెట్టుకుని పాఠం చెప్పేవాణ్ణి. నా దగ్గర చదివి డాక్టర్లయినవాళ్లతో ఒక ఆస్పత్రి నింపవచ్చు.

నలభై కాదులెండి, ఇరవై రెండు. పుర్రె ప్లాస్టర్‌ది, కింది దవడ రబ్బరు బ్యాండుతో నిలిచేది. డాక్టరయినవాడు నాకు తెలిసి ఒక్కడే, వాడూ పశువులకి. ఇకమీద చెప్పేదాంట్లో మాత్రం పెంచినచోట నేనే ఒప్పుకుంటాను.

ఇప్పుడు మన్సూరాబాద్‌లో ఇంట్లోనే ఆరుగురు పిల్లలకి చెబుతున్నాను. పుర్రె పాఠానికి కురిడీ కొబ్బరికాయ తెస్తాను. నీరింకి, లోపలి కొబ్బరి ఎండి, చిప్ప నుంచి విడిపోయిన కాయ. ఊపితే లొడలొడమంటుంది. చిప్ప పుర్రె, కొబ్బరి మెదడు. మధ్యలో వరాశిక, లౌతికళ, మృద్వి అని మూడు పొరలు. వయసు మీరితే మెదడు కాస్త కుంచించుకుపోతుంది. దాని నుంచి వరాశికకు వెళ్లే సన్నని సిరలు సాగి, చిన్న దెబ్బకే తెగుతాయి. పొర కింద నెత్తురు రోజుల తరబడి చేరుతుంది. మొదట ఉత్త తలనొప్పే. నిద్రలో లేపి అడిగినా ఈ పాఠం చెప్పగలను.

ఒక సోమవారం సాయంత్రం కాయ ఊపాను. చప్పుడు లేదు. శనివారం మోగిన కాయే. చెవికి ఆనించి మళ్లీ ఊపాను. నల్గొండ నుంచి వచ్చిన సంధ్య అనే పిల్ల నవ్వింది.

"సార్, గీ కాయ సచ్చిపోయింది. జర కొత్తది తెండి."

నేనూ నవ్వేసి కాయను అలమరలో పెట్టేశాను.

ముందురోజే అల్మాస్‌గూడలో మా తమ్ముడు శేషగిరి, మెట్ల కింద స్కూటర్ పెట్టి లేస్తూ స్లాబుకు తల కొట్టుకున్నాడు. బొప్పి కూడా కట్టలేదు. సరిగ్గా ఆ క్షణానే కాయ మూగబోయిందని చుట్టాలకు చెబుతూ వచ్చాను. అది అబద్ధం. ఆదివారం నేను కాయను ముట్టనే లేదు.

ఆ తర్వాత ఒకసారి ఫోన్‌లో తల నొప్పిగా ఉందన్నాడు.

మూడు వారాలకి అన్నం కలుపుతూ వాడి చెయ్యి ఆగిపోయింది. మాట తడబడింది. ఎల్‌బీ నగర్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లాం. వరాశిక కింద నెత్తురు మెదడును నొక్కుతోందని పుర్రెకు రంధ్రాలు వేశారు.

"ఇంజనాయిల్‌లా నల్లగా వచ్చిందండీ. పాత నెత్తురు. ముందే తేవాల్సింది" అన్నాడు కుర్ర సర్జన్.

మెలకువ రాలేదు. నాలుగో రోజు పోయాడు.

పెద్దకర్మ అయ్యి ఇంటికొచ్చాక ఆ కాయ కొట్టాను. చిప్పకీ కొబ్బరికీ మధ్య నుంచి నల్లగా, చిక్కగా కారింది. నెత్తురేనని అందరికీ చెప్పాను. నెత్తురు కాదు, మురిగిన నూనె వాసన. కానీ నీరింకిన కాయలోకి అది ఎక్కడిది? మోగే కాయ ఆ సోమవారమే ఎందుకు ఆగింది? కొబ్బరికాయల బండివాణ్ణి అడిగాను.

"గట్ల ఎన్నడు చూళ్లే పెద్దాయనా" అన్నాడు.

నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా రాసి మరదలు పద్మకి చదివి వినిపించాను. కాయ నాకు కబురు పెట్టిందేమో, గ్రహించలేకపోయానమ్మా అన్నాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"తలనొప్పని మీకు చెప్పింది ఒకసారి కాదు బావగారూ, నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఫోన్ కలిపిచ్చింది నేనే. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, 'తల సంగతి అన్నయ్యకంటే ఎవరికి తెలుసు, కళ్లజోడు మార్చుకోమన్నాడు' అన్నారు మీ తమ్ముడు. కబురు కాయెందుకు పెడుతుందండీ? ఆయనే పెట్టారు."