బోర్డత్త సంతకం

ఆ ఊళ్ళో బోర్డత్త అంటే తెలియని వాళ్ళు లేరు. ఆవిడ అతికించే కాగితాల్లో ఏముందో తెలిసిన వాళ్ళు మాత్రం వెతికినా దొరకరు. పదకొండేళ్ళుగా ఆవిడ కడుపుమంట అదే.

గ్రామ మండలి నుంచి ఏ నోటీసు వచ్చినా దాన్ని మూడు చోట్ల అతికించడం ఆవిడ ఉద్యోగం. మండలి కార్యాలయం ముందు ఒక బోర్డు, బస్సులు ఆగే చోట ఒకటి, బడి గోడకు ఒకటి. పొద్దున్నే మైదాపిండి ఉడికించి జిగురు చేసుకుని, పాత రంగు డబ్బాలో పోసుకుని, చంకలో కాగితాల చుట్టతో బయల్దేరుతుంది. పాత నోటీసు గోకి తీసి, చెక్కను తడిగుడ్డతో తుడిచి, కొత్తది నాలుగు మూలలా సమంగా నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి మొత్తం చదువుతుంది. పెదవులు కదిలేలా, పైనుంచి కిందిదాకా, సర్వే నంబర్లతో సహా. ఊరు మొత్తంలో ఆ పని చేసే మనిషి ఆవిడ ఒక్కతే.

మిగతా వాళ్ళ సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. బోర్డుకు సైకిలు ఆనిస్తారు. తడిసిన గొడుగు తగిలిస్తారు. మేక తప్పిపోయిందని ఒకడు, పాత మంచం అమ్ముతానని ఇంకొకడు, సరిగ్గా నోటీసు నడిమధ్యన తమ చీటీ అంటిస్తారు. రెండు రోజులు నీళ్ళు రావని వారం ముందే పెద్ద పెద్ద అక్షరాలతో పెడితే, ఆ రోజు రానే వచ్చాక బిందెలు పట్టుకుని తిన్నగా ఆవిడ గుమ్మంలోకే వస్తారు.

"మాకెవరూ చెప్పలేదేమిటత్తా?"

"వారం నుంచి మీ మొహాల ముందే ఉంది కదరా! కళ్ళు ఎక్కడ పెట్టుకుని తిరుగుతున్నారు?"

"అంతంత చదివే తీరికెక్కడిదిలే, నువ్వే ఓ ముక్కలో చెప్పెయ్" అంటారు వాళ్ళు, తీరిగ్గా గుమ్మంలో చతికిలబడి.

ఆవిడ భర్త దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను ఆయనది, జిగురు డబ్బా ఈవిడది. ఆ గుమ్మం గొడవలన్నీ ఆయన కాళ్ళు ఆడిస్తూనే వింటాడు. "నీచేత తిట్టించుకోకపోతే వాళ్ళకు తోచదే" అని నవ్వుతాడు. ఆ నవ్వుకు ఆవిడకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

దస్తూరి ముత్యాల్లా ఉంటుందని మండలివాళ్ళు ఇంకో పని కూడా తగిలించారు. నెలకోసారి 'ఊరి కబుర్లు' అని రెండు వైపులా రాసిన ఒకే ఒక్క కాగితం. ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరు పోయారు, నర్సు ఏ వారం వస్తుంది, ఏ వీధిలో కాలువ తవ్వుతారు. ఆవిడే పోగుచేసి, రాసి, కార్యాలయం జిరాక్సు మిషను మీద రెండు వందల ప్రతులు తీసి ఇంటింటికీ పంచుతుంది. అవి ఏ గతి పడతాయో కూడా ఆవిడకు తెలుసు. సగం బీరువా అరల్లో పరుస్తారు. సగం టీ కొట్టుకు చేరి బన్నులు చుట్టుకుంటాయి.

ఇంత పట్టింపు ఉన్న మనిషి ఒక తప్పు చేసింది. చెయ్యకూడని తప్పు.

నోటీసు పెట్టినందుకు ఒక ధ్రువపత్రం ఉంటుంది. 'ఫలానా నోటీసును ఫలానా తేదీ నుంచి ఇరవై ఒక్క రోజులు మూడు బోర్డుల మీద ఉంచాను' అని రాసి, కింద అతికించిన మనిషి సంతకం చెయ్యాలి. ఆ ఇరవై ఒక్క రోజుల్లో అభ్యంతరాలు రాకపోతే నోటీసులో ఉన్నది జరిగిపోతుంది. మండలి గుమస్తా పట్నం నుంచి వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం వస్తాడు. నాలుగు గంటల బస్సుకు పరుగెడతాడు. ప్రతి సంతకానికీ ఆవిడ కోసం మనిషిని పంపడం, ఆవిడ వచ్చేలోగా బస్సు తప్పడం చూసి ఒకసారి మొహమాటంగా అడిగాడు. "అమ్మా, ఓ ఇరవై ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఇస్తే, తేదీలు నేను వేసుకుంటాను." పాపం పిల్లలవాడు, వచ్చిన రోజల్లా చీకటిపడ్డాకే ఇల్లు చేరుతున్నాడని ఆవిడ పెట్టి ఇచ్చింది. అవి అయిపోతే ఇంకో ఇరవై. అదే అలవాటైపోయింది.

ఒక గురువారం పొద్దున ఆవిడ అక్క రొప్పుకుంటూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. అక్క ఇల్లు వాగు అవతల, ముప్పై ఇళ్ళ గుంపులో. పని వాగు ఇవతల, పాలకేంద్రంలో. తెల్లారేసరికి అక్కడుండి వచ్చిన పాలన్నీ కొలిచి, పరీక్షచేసి, డబ్బాల్లో పొయ్యాలి. మధ్యలో ఉన్నది ఇనుప స్తంభాల మీద చెక్కలు పరిచిన కాలిబాట వంతెన. దాని మీద నుంచైతే ఐదు నిమిషాలు. అది లేకపోతే రోడ్డు చుట్టి నాలుగు మైళ్ళు. అరిగిపోయిన మోకాళ్ళతో అక్క నాలుగు మైళ్ళు నడవలేదు.

"ఏమే, సొంత అక్కకైనా ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"ఏం మాట?"

"వంతెన విప్పేస్తారటగా సోమవారం. మేస్త్రీ వచ్చి టేపు పెట్టి కొలుస్తున్నాడు. నోటీసు పెట్టి నెలైంది, ఎవరూ కాదనలేదు అంటున్నాడు. నోటీసంటే నువ్వే కదే!"

"అలాంటి నోటీసు నేను పెట్టలేదక్కా."

"పెట్టకుండా ఎలా విప్పుతారే? నా ఉద్యోగం పోయినట్టే ఇక. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?" అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క కోప్పడటం ఆవిడకు మామూలే కానీ, ఏడవడం ఎన్నడూ చూడలేదు.

శుక్రవారం గుమస్తా కుర్చీలో కూర్చోకముందే ఆవిడ బల్ల ముందు నిలబడింది. అతను ఫైలు తీశాడు. అందులో నోటీసు ఉంది. 'చెక్కలు శిథిలమై ప్రమాదకరంగా ఉన్నందున తొలగింపు.' దాని వెనకే ధ్రువపత్రం. పోయిన నెల మూడో తేదీ నుంచి ఇరవై ఒక్క రోజులు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఆవిడ సంతకం.

"ఇది నాకు ఇవ్వనే లేదు కదా బాబూ!"

అతను తల ఎత్తలేదు. "ఇచ్చే ఉంటానమ్మా. మర్చిపోయి ఉంటారు."

"నేను చదవని కాగితం ఆ బోర్డు ఎక్కలేదు. మీ సంచిలో ఉండిపోయింది, అంతే కదూ? గడువు దాటాక చూసుకుని, నా ఖాళీ ఫారం ఒకటి తీసి నింపేశారు."

"గట్టిగా అనకండమ్మా" అన్నాడు అతను, మొహం ఎర్రబడి. "సంతకం మీదే. పెట్టలేదని మీరంటే సరిపోదు. బోర్డు మీద లేదని ఇంకెవరినైనా చెప్పమనండి, పై వాళ్ళకు రాస్తాను."

ఇంతేనా అనుకుంది ఆవిడ. ఊరు ఊరంతా రోజూ ఆ బోర్డుల ముందు నుంచే తిరుగుతుంది, సాక్షులకేం కరువు? చెప్పులు టకటకలాడించుకుంటూ బయటికి నడిచింది.

మొదట మంగలి. అతని కొట్టు బస్సులు ఆగే చోట బోర్డుకు ఎదురుగా ఉంది, అద్దంలో కూడా బోర్డే కనిపిస్తుంది. "పోయిన నెలంతా దాని మీద వంతెన నోటీసు లేదని చెప్తావా?" అంటే, కత్తెర గాల్లో ఆపి చాలాసేపు ఆలోచించాడు. "ఉందేమో అత్తా. ఏదో తెల్లగా అయితే ఉంది."

బడి పంతులమ్మ ఇంకా నయం. "అబద్ధం చెప్పలేను కదండీ. లేదని చెప్పాలంటే నేను చూసి ఉండాలి కదా" అంది, ఎంతో మర్యాదగా.

వాగు అవతలికి పోతే, వంతెన పోతే కొంప మునిగే ముప్పై ఇళ్ళవాళ్ళూ ఆవిడ మీదే విరుచుకుపడ్డారు. "పెట్టి ఊరుకోకపోతే ఒక్కసారి వచ్చి చెప్పొచ్చుగా!" పెట్టలేదు మొర్రో అంటే వినే నాథుడు లేడు. "అది ఉండే ఉంటుందత్తా, మేమే చూసుకోలేదు" అని ఒక ముసలాయన ఆవిడనే ఓదార్చాడు. ఆయన్ని ఏం చెయ్యాలో ఆవిడకు తెలియలేదు.

వంతెన మధ్యలో ఆగి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎంత దిక్కుమాలిన ఊరు! చదవమని పదకొండేళ్ళు గొంతు చించుకుంటే, ఇవాళ ఫలానాది అక్కడ లేదని చెప్పడానికి ఒక్క జత కళ్ళు లేవు. గుమస్తా మీద కోపం వచ్చింది, ఊరి మీద అంతకన్నా వచ్చింది. ఆ రెండూ చల్లారాక మిగిలిన కోపం తన మీదే. చదవకుండా బతికేవాళ్ళను ఇన్నేళ్ళు తిట్టి, తను ఏమీ రాయని కాగితాల కింద సంతకం పెట్టింది.

ఇంటికి వెళ్ళి, ఆ నెల కబుర్ల కాగితం వెనక వైపు రాసిందంతా కొట్టేసి, ముందు వైపు ఉన్నది కొత్త కాగితం మీదికి ఎత్తి రాసి, దాని వెనక మళ్ళీ మొదలుపెట్టింది. 'వాగు మీది వంతెన తొలగింపు నోటీసు ఊళ్ళో ఎక్కడా పెట్టలేదు. పెట్టినట్టు ఉన్న ధ్రువపత్రం మీద సంతకం నాదే. ఖాళీ ఫారం మీద ముందే చేసి ఇచ్చాను. అది నా తప్పు.' కింద తన పేరు. దర్జీ మిషను ఆపి, కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"ఉద్యోగం ఉంచుతారంటావా?"

"ఉంచరు."

ఆయన మళ్ళీ మిషను తొక్కాడు.

నాలుగింటికి ఐదు నిముషాలు తక్కువ. కబుర్ల కాగితం గుమస్తా చూసి సంతకం పెడితేనే జిరాక్సు. అతను ఒక చేత్తో సంచి సర్దుకుంటున్నాడు. ఇంకా పొద్దుటి మాటే ఎత్తుతుందని భయపడ్డాడో ఏమో, ఆవిడ కాగితం చాచగానే ముందు వైపు పైన ఉన్న నర్సు వచ్చే తేదీలు చూసి, వెనక్కి తిప్పి అడుగున గీకేశాడు.

"చదువుకోండి బాబూ."

"ఎప్పుడూ ఉండేవేగా, వేసెయ్యండమ్మా" అని బస్సుకు పరుగెత్తాడు.

ఆదివారానికల్లా రెండు వందల ప్రతులూ పంచింది. సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుంది. ఎవరైనా వస్తారని, నిలదీస్తారని, పోనీ తిడతారని. ఒక్క నరపురుగు రాలేదు. పక్కింటావిడ మాత్రం వచ్చి, "ఈసారి నర్సు ఎప్పుడొస్తుంది వదినా?" అని అడిగింది.

సోమవారం పొద్దున మేస్త్రీ, నలుగురు కూలీలు పలుగులు, పానాలు దించుకున్నారు. తన రోజు కాకపోయినా గుమస్తా కూడా ఫైలుతో వచ్చాడు. పనికి వెళ్ళడానికి వచ్చిన అక్క అవతలి గట్టు మీదే ఆగిపోయింది. బోర్డత్త ఇవతలి కమ్మీకి ఆనుకుని నిలబడింది. తిట్టడానికి కూడా ఓపిక లేదు.

మేస్త్రీ టీ తాగుతూ బన్ను తింటున్నాడు. చేతిలో ఏ కాగితం ఉన్నా చదివే అలవాటట అతనిది. బన్ను అయిపోయింది, అతను మాత్రం దాన్ని చుట్టిన కాగితం పారెయ్యలేదు. జిడ్డు మరకను ఎండకు పట్టి చూసి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఇది రాసినావిడ ఎవరండీ?"

"నేనే" అంది ఆవిడ.

మేస్త్రీ కూలీలకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండ్రా. సార్, పెట్టలేదని ఈవిడ రాశారు. పెట్టారని మీ ఫైల్లో ఉందంటున్నారు. రేపు గొడవైతే విప్పినోణ్ణి నన్ను పట్టుకుంటారు."

గుమస్తా ఆ కాగితం లాక్కుని చూశాడు. అతని మొహం పాలిపోయింది. "ఇది ఎవరు వెయ్యమన్నారమ్మా?"

"మీరే. అడుగున మీ సంతకం ఉంది."

అతను ఉందా అని చూసుకున్నాడు. ఉంది. అతన్ని చూస్తే ఆవిడకు కోపం రావలసింది పోయి జాలి వేసింది, జాలి వేసినందుకు మళ్ళీ చిరాకు వేసింది.

"అమ్మా, ఫైల్లో ఉన్నది తప్పని మీరే ఫైల్లో రాసివ్వండి, మేం వెళ్ళిపోతాం" అన్నాడు మేస్త్రీ.

"రాస్తే ఒకటో తేదీ నుంచి మీకు ఉద్యోగం ఉండదు" అన్నాడు గుమస్తా మెల్లగా. "నాదీ ఉంటుందో లేదో. కావాలంటే మళ్ళీ నోటీసు పెట్టిస్తాను, ఈ మాట మాత్రం ఫైలెక్కనివ్వకండమ్మా."

"ఫైలెక్కకపోతే ఇవాళ ఆగదు కదా. ఇటివ్వండి."

ఫైలును కమ్మీ మీద ఆనించి రాసింది. నోటీసు నంబరు, తేదీ, పెట్టని మూడు బోర్డులు, తను చేసిన తప్పు, ఏదీ వదల్లేదు. సంతకం దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. పెదవులు కదిలేలా. కూలీలు పలుగులు దించి నిలబడ్డారు. తరువాత సంతకం పెట్టింది.

మేస్త్రీ సామాను బండికెక్కించుకున్నాడు. కొత్త నోటీసు వచ్చి ఇరవై ఒక్క రోజులయ్యేదాకా వంతెన జోలికి రానన్నాడు. అక్క కమ్మీ పట్టుకుని ఒక్కో చెక్కా దాటుకుంటూ ఇవతలికి వచ్చింది. సంగతంతా అక్కడినుంచే విన్నట్టుంది.

"నా మూలంగా నీ ఉద్యోగం పోయిందే."

"నీ మూలంగా కాదు, నా సంతకం మూలంగా. సర్లే, ఏడుపులు తరువాత. పాలవాళ్ళు వచ్చి నిలబడి ఉంటారు, నువ్వు ముందు నడు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, కుంటుకుంటూ పాలకేంద్రం వైపు నడిచింది.