వకారానికి తోక

హనుమంతుడు తోకతో లంక కాల్చాడంటే లోకమంతా దండం పెడుతుంది. నేనూ తోకతోనే మా అమ్మ చేయి కాల్చాను. నాకు దండాలు రాలేదు, వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, మా వీధంతా ఎప్పుడో నవ్వేసింది.

అప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్రీ రెండో ఏడు. ఒకరోజు క్లాసులో మేడమ్ సోషల్ ఎంటర్‌ప్రైజ్ అనే మాట చెప్పారు. అర్థమైంది సగమే. ఆ సగంతోనే సాయంత్రానికి నేనొక సంస్థ అధినేత్రినై ఇంటికొచ్చాను.

"అమ్మా, మన వీధి ఆడోళ్లందరం కలిసి రొయ్యల పచ్చడి పెడదాం. వైజాగ్ షాపుకి పంపుదాం. లాభం అందరికీ బరాబర్."

అమ్మ వల బాగుచేస్తూ తలెత్తలేదు. "లాభం సంగతి తరవాత. మా అప్పకి ఒక సీసా అందుతాదా?"

"పక్కా అందుతాది."

"ఠీక్ హై. అయితే నాను రెడీ."

అప్ప అంటే అమ్మకి అక్క, నాకు పెద్దమ్మ. భీమిలి దగ్గర పల్లెలో ఉండేది. తల్లి పోతే అమ్మను పెంచింది ఆవిడే. పెళ్లయ్యాక అమ్మ ఈ దీవులకొచ్చేటప్పుడు దారంతా వాంతులు చేసుకుందట. ఆ తరవాత ఓడ కూత వినిపిస్తేనే ఆమెకు కడుపులో తిప్పేది. అక్కడ పెద్దమ్మేమో, "నా సెల్లిని మింగీసిన ఓడ నానెక్కను" అని ఒట్టేసుకు కూర్చుంది. ఇలా ఇద్దరు మొండివాళ్ల మధ్య ఒక సముద్రం. అమ్మ నన్ను తిట్టే తిట్లు కూడా పెద్దమ్మవేనట. తిట్టేసి, "మా అప్ప ఇలగే అనేది" అని కిటికీ వైపు తిరిగేది. అందుకే నాకు ఆ తిట్లంటే కోపం వచ్చేది కాదు, జాలేసేది.

పచ్చడి కుదిరింది. ఇక సీసా మీద పేరు. కొనేది తెలుగువాళ్లు కాబట్టి పేరు తెలుగులోనే ఉండాలని అధినేత్రి తీర్మానించింది. అధినేత్రి చదివింది హిందీ మీడియం. తెలుగు మాట్లాడమంటే రేవు అదిరిపోయేలా మాట్లాడుతుంది. రాయమంటే గోడ మీది కేలండరే గురువు.

పేరు "మా అమ్మ చేతి వంట". "మా అమ్మ" చిన్నప్పుడు బట్టీపట్టిన ముగ్గులా చేతికి వచ్చేసింది, "చేతి" కూడా కుదిరింది, వకారం దగ్గర ఆగిపోయాను. నా కంటికి వ, మ కవలపిల్లలు. ఒకదానికి తోకుంటుంది, దేనికో గుర్తులేదు. కేలండర్లో మంగళవారం దొరికింది. అందులో రెండూ ఉన్నాయి. నాకు కావలసింది వంటలో మొదటి అక్షరం కదా అని, మంగళవారంలో మొదటి అక్షరమే దించేశాను. అంత తెలివి నాది.

అబర్డీన్ బజార్ ప్రెస్సులో భయ్యాకి తెలుగు సున్న. "స్పెల్లింగ్ పక్కా హై న, దీదీ?" అని అడిగాడు.

"ఏకదమ్ పక్కా, భయ్యా."

సీసాలు ఓడెక్కాయి. అందులో ఒకటి పెద్దమ్మకి. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి తుడిచి ఇచ్చింది. ఆ తరవాత ఏ ఓడ వచ్చినా, "కబురేటైనా ఉన్నాదా?" అని నాచేత రేవులో అడిగించేది. ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం అమ్మ గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఆటో ఆగింది. పక్కవీధి ఆవిడ ఒక ముసలామెను దింపి, "ఆస్పత్రి కాడ దొరికినాది మీ సుట్టం. ఆటోవోడికి సెయ్యి సూపించి మంట, మంట అంటే తిన్నగా అక్కడికే తీసుకెల్లిపోనాడంట" అంది.

ఆ ముసలామె వచ్చి అమ్మ ముందు నిలబడింది. "ఏదీ సెయ్యి?"

అమ్మ రొయ్యల చేయి అలాగే చాపింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. "రెండోది సూపించు."

"అప్పా, నువ్వు ఓడెక్కినావేటే?"

"రెండోది సూపించవే ముందు."

రెండో చేయి కూడా నిక్షేపంగా ఉంది. పెద్దమ్మ సంచిలోంచి సీసా తీసింది. "మరిదేటి? రేసను కొట్టాయన సదివినాడు. మా అమ్మ సేతి మంట అని రాసున్నాది. రమ్మని అడగనేక నీ గుంట సీసా మీద రాసి పంపినాది, ఎంత కాలిపోనాదో అని వచ్చీసినాను."

సీసా చూశాను. తోక కనబడింది.

"పెద్దమ్మా, అది మంట కాదు, వంట. ఒక తోక ఎక్కువైనాది, అంతే."

వీపు మీద రెండు పడ్డాయన్నాను కదా, అవి అప్పుడే. తరవాత ఆవిడ చతికిలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. చేయి మాత్రం వదల్లేదు. ఓడ ప్రయాణంలో వాడిపోయిన కలబంద మట్ట సంచిలోంచి తీసి, చీల్చి, అమ్మ అరచేతికి రాసింది.

"కాలనేదు కదప్పా."

"తెచ్చీసినాను కదా. రాయనీ."

అమ్మ చిన్నపిల్లలా రాయించుకుంది. అమ్మ అలా ఒకరి చెల్లెలుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

తిరుగు ఓడ వచ్చేదాకా పెద్దమ్మ ఉంది. అమ్మ మాటల్లోని హిందీకి "ఇదేటి బాసే, సగం నాకు పెట్టి సగం దాసీసినట్టు" అని విసుక్కునేది. వెళ్లే రోజు అమ్మ హాడో రేవు దాకా వచ్చింది. కడుపులో తిప్పుతున్నా ఓడ కనుమరుగయ్యేదాకా చేయి ఊపుతూనే ఉంది, కలబంద రాసిన చేయే.

సిగ్గుతో నేను మర్నాడే లేబుల్ సరిదిద్ది కొత్తవి అచ్చేయించాను. అమ్మకి ఒక్క అక్షరం రాదు. అయినా కొత్త సీసా చేతిలోకి తీసుకుని, సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.

"దీని తోకేదే?"

"తప్పు కదమ్మా, తీసీసినాను."

అమ్మ ఆ చోటును బొటనవేలితో కాసేపు రుద్దింది. "ఉండనీనేకపోనావా. అప్ప మళ్లీ వచ్చును."

మర్నాడు మళ్లీ ప్రెస్సుకెళ్లి తోక పెట్టించాను. పెద్దమ్మ మాత్రం మళ్లీ రాలేదు. ఇప్పుడు రావడానికి ఆవిడ లేదు, ఎదురుచూడడానికి అమ్మా లేదు. పచ్చడి ఇంకా మంట పేరుతోనే వెళుతోంది. తెలిసినవాళ్లు తప్పు దిద్దమని సలహా ఇస్తుంటారు. అయ్యా, నేను చేసిన తప్పు ఒక్కటే, ఆ తోకను ఒకసారి కోయడం. మా అమ్మ చేతి మీద ఒట్టు, ఇంకెప్పుడూ అలాంటి పని చేయను.