కాళ్లు నేలకానే కుర్చీ

అల్లూరు దగ్గర మా పల్లెలో వడ్రంగి హెబ్రోనుకు ఒకటే పిచ్చి. పిల్లలు కూర్చుంటే కాళ్లు నేలకు ఆనాలి. చిన్నప్పుడు చర్చి బెంచీ మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, తిమ్మిరెక్కి, ప్రార్థనకు లేవబోయి బోర్లా పడ్డాడు. ముందుపన్ను విరిగింది. అరవై ఏళ్లొచ్చినా ఆ కోపం చల్లారలేదు.

సండేస్కూలుకు మొదటిసారి జానెడు ఎత్తు కుర్చీలు చేశాడు. ఎంత ముచ్చటగా ఉండేవో! అయితే మా చర్చిలోకి ఏ వస్తువైనా పోయినవాళ్ల పేరు మీదే రావాలి. ఫ్యాను రెక్కల మీదా పేర్లే. 'ప్రభువునందు నిద్రించిన రిటైర్డ్ హెడ్మాస్టర్ జడ్సన్ గారి జ్ఞాపకార్థం' అన్నది ఆ బుల్లి వీపుపలక మీద పట్టలేదు. అక్షరాలు తగ్గిస్తే పోయినవాళ్లను తగ్గించినట్టేనని సంఘపెద్ద సుశీల్ కుమార్ గారు ఒప్పుకోలేదు. దాంతో హెబ్రోను పలక పెంచాడు. అంత పలకకు కుర్చీ మరీ పొట్టిగా ఉందంటే కాళ్లూ పెంచాడు. ఏడాదికింత చొప్పున పెరిగి, పిల్లల కుర్చీ ఇప్పుడు నా నడుము దాకా వచ్చింది. పిల్లల కాళ్ల కింద పీటలు వేయిస్తే వాటికీ దాతలు దొరికారు. ఇక పీటలూ పెరగసాగాయి.

మొన్న హెబ్రోను మనవరాలు, నాలుగేళ్ల అబిగయీలు, ఆ ఎత్తు మీంచి జారిపడి పెదవి చిట్లించుకుంది. తన చేతులతో చేసిన కుర్చీయే కదా అని హెబ్రోను ఏడ్చాడు. వారం తిరక్కుండా మళ్లీ జానెడు కుర్చీ చేసి తెచ్చాడు, పేరు లేకుండా. సుశీల్ కుమార్ గారు గుమ్మంలోనే ఆపి, ఎవరి జ్ఞాపకార్థమో తెలియకుండా ఎలా ప్రతిష్ఠిస్తామని అడిగారు. పొట్టి పేరుతో పోయినవాళ్లు మా పల్లెలో లేరు. పోయాక అందరికీ బిరుదులొస్తాయి.

హెబ్రోను రంగుడబ్బా తెచ్చి, పలక మీద 'కీ.శే. హెబ్రోను' అని రాశాడు. సరిగ్గా పట్టింది.

సుశీల్ కుమార్ గారు ఆ పేరు చదివి, హెబ్రోనును ఎగాదిగా చూసి, తప్పేమీ దొరక్క ప్రార్థన మొదలుపెట్టారు. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని ఆదరించమన్నారు. అందరికంటే గట్టిగా హెబ్రోనే ఆమేన్ అన్నాడు. హెబ్రోను భార్య ఎవాంజెలిన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అబిగయీలు కుర్చీలో కూర్చుని అడిగింది.

"తాతా, నువ్వు చచ్చిపోయినావా?"

"అది ఉండనీ. కాళ్లు ఆనినాయా?"

"ఆనినాయి."

హెబ్రోను నమ్మలేదు. మోకాళ్ల మీద వంగి, ఆ చిన్న మడమల కింద వేలు దూర్చి చూశాడు. వేలు దూరలేదు.