ఉప్పు పిన్ని నాలుక

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు, అందరికీ ఉప్పు పిన్నే. ఇరవై రెండేళ్లుగా ఏ కూర దించాలన్నా పిన్ని ఎడమచేతి మీద ఓ చుక్క వేసుకుని, కళ్లు మూసుకుని నాకి, "ఊఁ" అనాల్సిందే. అంతవరకూ పొయ్యి కట్టేసే ధైర్యం ఎవరికీ లేదు.

అలాంటి మనిషిని అల్లుడు ముచ్చటపడి పెద్ద హోటల్‌కి తీసుకెళ్లాడు. మామూలు హోటలా! తిన్నవాళ్లందరూ అయిదు స్టార్లు ఇచ్చారట, నెల ముందు చెప్పుకుంటే గానీ కుర్చీ దొరకదట. ఇంత పళ్లెం వచ్చింది. మధ్యలో నాలుగు చెంచాల సూపు, పైన కాస్త నురగ. పిన్ని నోట్లో పోసుకుంది. చప్పగా ఉంది! వేడినీళ్లే నయం.

"అబ్బ, ఏం రుచమ్మా!" అంది కూతురు.

"అద్భుతం కదూ అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

పిన్ని బిత్తరపోయింది. ఎవరూ చూడకుండా చేతి మీద చుక్క వేసుకుని నాకింది. ఊహూఁ. కాస్త ఉప్పు తెమ్మంటే, వడ్డించేవాడు నవ్వి, "అన్నీ సరిగ్గానే వేశామండీ" అన్నాడు. ఇంతమందికి తెలిసిన రుచి తనకి తెలియలేదంటే, పాడైంది తన నాలుకేగా!

మర్నాడు క్యాంటీన్‌లో కూర నాకి చూస్తే, ఉప్పు సరిపోయిందనే అనిపించింది. నమ్మడం ఎలా? తోటి వంటామెని చూడమంటే, "నువ్వుండగా నేనెప్పుడు చూశాను పిన్నీ! నాకేం తెలుసు?" అంది. ఆరొందల మంది తినే కూరాయె. పిన్ని తన గరిటె కడిగి, తుడిచి, మేనేజరు బల్ల మీద పెట్టేసింది. "ఇంక నా వల్ల కాదు బాబూ" అని, ఆయన పిలుస్తున్నా వినకుండా వచ్చేసింది.

సాయంత్రం కూతురింటికి వెళ్తే, కూతురు అన్నంలో కూర వేసింది. అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి మీద చుక్క వేసుకుంది పిన్ని.

"ఉప్పెక్కువైందే!"

"అవునమ్మా, మర్చిపోయి రెండుసార్లు వేశాను."

పిన్ని చెయ్యి అలాగే ఆగిపోయింది. "మరి నిన్నటి సూపు?"

కూతురు తల దించుకుంది. "చప్పగానే ఉందమ్మా. ఆయన అంత ముచ్చటపడి తీసుకెళ్లారు కదా అని..."

"నువ్వు బాగుందన్నావనే కదా నేనూ అన్నాను!" అంటూ లోపల్నించి వచ్చాడు అల్లుడు.

పిన్ని ఆ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎవర్ని తిట్టాలో పాలుపోలేదు.

"పొద్దున్నే గరిటె ఇచ్చేసి వచ్చానర్రా!" అంది.