వెర్లీన్ టేటమ్ మణికట్టు కేసు

అమెరికాలోని జార్జియాలో పత్తి చేల నడుమ ఉన్న ఆ ఊరి చర్చిలో వెర్లీన్ టేటమ్ వయసులో ఉన్నప్పటి నుంచీ ఆర్గన్ వాయించింది. ఇప్పుడామె కుడిచేతి వేళ్లు సరిగా ముడుచుకోవు. వరండా ఉయ్యాలలో కూర్చుని బొబ్బరికాయలు ఒలుచుకుంటుంటే, మరో ఇంటికి వెళ్లాల్సిన కెల్సో అనే పోలీసు ఆమె మీదికొచ్చాడు. "వారెంటు చూపించు నాయనా" అన్న పాపానికి చెయ్యి వెనక్కి విరిచి బేడీ వేశాడు. మణికట్టు విరిగింది. ఇల్లు తప్పానని తెలిశాక బేడీ ఊడదీసి, కనీసం క్షమించమనైనా అడక్కుండా కారెక్కాడు.

"నాకు పరిహారం వద్దు పిల్లా. వాడు చేసింది తప్పని జడ్జి నోట అనిపించు, చాలు" అంది, కెల్సో మీద దావా వేసిన రోజున తన లాయరు రెనీటాతో.

ఏళ్లు గడిచాక ఒకరోజు రెనీటా మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

"మన కేసు కొట్టేశారు పెద్దమ్మా. సరిగ్గా ఇలాంటి పనే తప్పని ఏదో కోర్టు ముందే చెప్పి ఉంటే తప్ప పోలీసు మీద దావా నిలవదట. మనకి దొరికిన పాత కేసులో పోలీసు చెయ్యి విరిచినావిడ పెరట్లో నిలబడి ఉంది. మీరు ఉయ్యాలలో కూర్చున్నారు."

"నిలబడ్డదాని చెయ్యి విరవకూడదని తెలిసినవాడికి కూర్చున్నదాని చెయ్యి విరవకూడదని తెలీదా? వాడి బుద్ధి గడ్డి తింటోందా? సర్లే, ఇంకెవరికైనా ఇలా జరిగితే నా కేసు చూపించొచ్చుగా?"

"అదీ లేదు పెద్దమ్మా. పాత తీర్పు లేదు కాబట్టి, కెల్సో చేసింది తప్పో ఒప్పో తేల్చాల్సిన పనే లేదని వదిలేశారు."

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. ఇదీ నల్లకోటు దొరల న్యాయం. ఇంతకుముందు ఎవరూ తప్పనలేదు కాబట్టి మేమూ అనమంటారు. మొదట అనేవాడు ఆకాశం నుంచి ఊడిపడాలా? చదువుకున్నవాళ్లకి సిగ్గుండొద్దా?

మరుసటి వేసవిలో అదే కెల్సో, మెట్ల మీద కూర్చున్న ముసలి ఓటిస్ భుజం విరిచాడు. ఓటిస్ కూడా దావా వేశాడు. విచారణనాడు వెర్లీన్ తోడుగా వెళ్లి అతని వెనకే కూర్చుంది. కెల్సో లాయరు లేచాడు.

"అయ్యా, కూర్చున్న మనిషి చెయ్యి మెలిపెట్టడం తప్పని ఏ కోర్టూ అనలేదు. మా కెల్సో మీదే వేసిన టేటమ్ కేసు చూడండి. అందులోనూ ఆయన్ని వదిలేశారు."

ఓటిస్ వెనక్కి తిరిగి చూశాడు. "వెర్లీన్, టేటమ్ అంటే నువ్వేగా?"

ఆమె ఒళ్లు మండిపోయింది. "నా చెయ్యి విరిచినోడికి నా పేరే అడ్డం పెడతావా? నా పేరెత్తకురా!" అని లేచి అరిచింది.

జడ్జి ఆమెను బయటికి పంపించి, వాదన కొనసాగించమన్నాడు.