తాడు దాటించిన భుజం

గూడెం కొత్తవీధికి పైనున్న కొండ ఊళ్లో గాసి తాడు దగ్గర కూర్చున్నాడంటే చీమైనా దూరదనేవారు. కింది ఊళ్లలో తట్టు లేచిందని తెలియగానే బయటివాళ్లెవరూ ఊళ్లోకి రాకుండా పెద్దలు దారికడ్డంగా మామిడాకుల తాడు కట్టేవారు. గొడ్డలి ఒళ్లో పెట్టుకుని గాసి కాపలా. మొహమాటమన్నది ఎరగని మనిషి. తొంభై ఆరు వేసవిలో పక్కింటి గంగను చూడ్డానికి ఆమె తల్లి కొండెక్కి వస్తే, మంచినీళ్లయినా ఇవ్వకుండా తిప్పి పంపేశాడు. ముసలమ్మ ఏడ్చుకుంటూ దిగిపోయింది.

ఆ వారమే గాసి కూతురు సోని అత్తారి ఊరి నుంచి వచ్చింది. చంకలో కొడుకు బుధు. వాడికి ముక్కు కారుతోంది, కళ్లు ఎర్రబడ్డాయి, ఒకటే దగ్గు.

"మా ఊళ్లో పిల్లలు పోతన్నారు నాన్నా. నా గుంటడ్ని బతికించు. ఆడికొట్టి జలుబే," అంది.

మనవడంటే ఎంతటి మొండివాడైనా మెత్తబడతాడు. అయినా గాసి ఊరికే వదల్లేదు. చొక్కా ఎత్తి వీపు చూశాడు, పొట్ట చూశాడు, చెవుల వెనక చూశాడు. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. సంబరంగా వాణ్ని భుజానికెత్తుకుని తనే తాడు దాటించాడు. పిల్లలు చుట్టూ మూగితే నిలబడి అందరికీ చూపించాడు.

పొక్కులు ఆ తర్వాత లేచాయి. ముందు బుధు పోయాడు. వెనకే గంగ కూతురు. ఆ వేసవి ఊళ్లో ఏడుపు వినపడని ఇల్లు తక్కువ.

నర్సు కృపావతి మందుల పెట్టెతో కొండెక్కి వచ్చేసరికి, గాసి ఆమెను గంగ గుమ్మం ముందే నిలదీశాడు.

"పొక్కు నేదు తల్లీ. నాను ఒల్లంతా సూసినాను. ఏ దారంట వొచ్చీసింది?"

"పొక్కు లేవకముందే దగ్గులోంచి అంటుకుంటది తాతా. మన ఒంట్లోనూ కావలోళ్లుంటారు. పురుగు జొరబడితే కేకేసి మిగతావాళ్లని లేపాలి. ఈ తట్టు పురుగు వాళ్ల నోరు నొక్కేస్తది. వాళ్లలోనే దూరి, వాళ్లతోనే ఒళ్లంతా మోయించుకుంటది."

కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచెకు ఆ సంగతే తెలియదు పాపం. గాసి చెయ్యి తన భుజం మీదికి పోయింది.

"అయితే ఈ కావలోడి బుజమెక్కే ఊళ్లోకొచ్చింది," అన్నాడు.

గుమ్మంలో నిలబడి గంగ అంతా విన్నది.

"మాయమ్మకీ పొక్కు నేదు గదా, గాసన్నా. దాన్నెందుకు తిప్పీసినావు?"



మరుసటేడు మళ్లీ తాడు కట్టి, కాపలాకు రమ్మని గాసికి కబురు పెట్టారు. వచ్చాడు. గొడ్డలి అక్కడికొచ్చిన గంగ చేతికిచ్చి, వంగి తాడు కింద నుంచి దూరి, ఊరి బయటి వైపు వెళ్లి కూర్చున్నాడు.

చీకటి పడినా గంగ లోపలికి రమ్మనలేదు.